అతిథి దిగేసరికి ఇల్లు వెచ్చగా ఉండాలంటే

న్యూజీలాండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు కొందరు దాన్ని ఎయిర్‌బీఎన్‌బీలో రోజువారీ అద్దెకిస్తున్నారు. రోటోరువాలో నేనూ ఇస్తున్నాను. కొత్త సోఫాలూ, గోడమీద బొమ్మలూ ఫోటోల్లో బాగుంటాయి. అతిథికి గుర్తుండేది మాత్రం ఇంట్లో వెచ్చదనమే.

ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. పాత చెక్క ఇళ్ళలో చలి లోపలికీ వచ్చేస్తుంది. 2019లో వచ్చిన 'హెల్తీ హోమ్స్' ప్రమాణాల ప్రకారం, అద్దె ఇంట్లో హాలుని 18 డిగ్రీలకి వేడిచేయగల హీటరుండాలి. ఇవి మామూలు అద్దెలకే వర్తించినా, మనమూ అదే కొలత పెట్టుకోవడం మంచిది.

అందుకు ఇక్కడ ఎక్కువగా వాడేది హీట్ పంప్. అంటే మన ఏసీయే, తిరగేసి పనిచేస్తుంది. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతుంది. యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. చిక్కల్లా రిమోట్‌తోనే! హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఏసీ కింద కూర్చునే, హీటరెక్కడని వెతుకుతారు. అందుకే "సూర్యుడి గుర్తు వచ్చేదాకా మోడ్ నొక్కండి, 20 పెట్టండి" అని తెలుగులో కూడా రాసి అంటించాను. వైఫై కంట్రోలరుంటే అతిథి రావడానికి గంట ముందే ఇంటిని వేడిచేయవచ్చు.

తలుపుకి కోడ్ తాళం పెట్టి, ప్రతి బుకింగుకీ కోడ్ మార్చండి. ఆక్లండ్‌లో విమానం దిగి మూడు గంటలు కారు నడుపుకొచ్చినవాళ్ళు తాళంచెవి కోసం చలిలో నిలబడక్కర్లేదు. మన దేశపు ప్లగ్గులు ఇక్కడ పట్టవు కనుక రెండు ఎడాప్టర్లు ఉంచండి. రైస్ కుక్కరూ ఉంచండి. అమెరికా నుంచి తెచ్చుకున్న 120 వోల్టులది ఇక్కడి 230కి కాలిపోతుంది.

చివరగా, జూలైలో ఒక రాత్రి ఆ ఇంట్లో మీరే పడుకోండి. తెల్లవారుజామున థర్మామీటరు చూస్తే, ముందు దేనిమీద ఖర్చు పెట్టాలో తెలిసిపోతుంది.