వెబ్‌ప్యాక్ బిల్డ్స్ లేట్ అవుతున్నాయా? పారలల్-వెబ్‌ప్యాక్ వాడేముందు ఇది చదవండి

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు కోర్లు ఎన్ని అని ఆరా తీస్తాం కదా! మరి వెబ్‌ప్యాక్ బిల్డ్ నడిచేటప్పుడు ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. చాలాసేపు ఒక్క కోరే కష్టపడుతుంటుంది, మిగతావి దాదాపు ఖాళీ.

నా ప్రాజెక్ట్‌లో మూడు బిల్డ్‌లు ఉన్నాయి: కొత్త బ్రౌజర్లకు ఒకటి, పాత బ్రౌజర్లకు ఒకటి, సర్వర్‌కు ఒకటి. మూడింటినీ ఒకే కాన్ఫిగ్ ఫైల్‌లో లిస్టుగా రాసినా వెబ్‌ప్యాక్ వాటిని ఒకే నోడ్ ప్రాసెస్‌లో నడుపుతుంది. జావాస్క్రిప్ట్ పని ఒకే థ్రెడ్ మీద సాగుతుంది కాబట్టి టైమ్ మొత్తం కలిసి తడిసి మోపెడవుతుంది.

ఇది ఎలా పనిచేస్తుంది?

ట్రివాగో టీమ్ తయారుచేసిన కమాండ్ లైన్ టూల్ పారలల్-వెబ్‌ప్యాక్. ఇది లిస్టులోని ఒక్కో కాన్ఫిగరేషన్‌ను వేరే నోడ్ ప్రాసెస్‌కు అప్పగిస్తుంది. అప్పుడు మనం ఆగాల్సింది మూడు బిల్డ్‌ల టైమ్ కలిపి కాదు, అన్నిటికంటే నెమ్మదైన బిల్డ్ పూర్తయ్యేదాకానే. ఎన్‌పీఎంతో ఇన్‌స్టాల్ చేసి, వెబ్‌ప్యాక్ బదులు ఈ కమాండ్ ఇస్తే చాలు. వాచ్ మోడ్ కూడా ఉంది. ఒకటే బిల్డ్ ఉంటే మాత్రం దీనివల్ల లాభం లేదు.

నేను చేసిన తప్పు

స్పీడ్ చూసి సంబరపడి అదే రోజు టెస్ట్ సర్వర్‌లో పెట్టేశాను. ఓపెన్ చేస్తే తెల్ల స్క్రీన్! ఎర్రర్ లేదు, బిల్డ్ కూడా సక్సెస్ అనే చూపించింది. సాయంత్రం దాకా తల పట్టుకున్నాక అసలు విషయం తెలిసింది. నా సర్వర్ బిల్డ్, బ్రౌజర్ బిల్డ్ రాసే ఫైళ్ల లిస్టును చదువుతుంది. ఇంతకుముందు ఆ లిస్టు ముందే తయారయ్యేది. ఇప్పుడు మూడూ ఒకేసారి మొదలవడంతో సర్వర్ బిల్డ్ పాత లిస్టునే చదివేసింది. అందులోని ఫైళ్లు సర్వర్‌లో లేనే లేవు.

ఇప్పుడు కాన్ఫిగ్‌ను రెండు ఫైళ్లుగా విడగొట్టాను. రెండు బ్రౌజర్ బిల్డ్‌లు పారలల్‌గా నడుస్తాయి, అవి అయ్యాకే సర్వర్ బిల్డ్ మొదలవుతుంది. కొంచెం టైమ్ పోయినా నిద్ర పడుతోంది.

ర్యామ్ సంగతి

ఒక్కో ప్రాసెస్ తన మెమరీ తానే తీసుకుంటుంది. మనం ఏమీ చెప్పకపోతే ఈ టూల్ కోర్ల సంఖ్యను బట్టి వర్కర్లను నడుపుతుంది. 8 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్, ఎడిటర్ కూడా తెరిచి ఉంటే ల్యాప్‌టాప్ మొరాయించవచ్చు. అలాంటప్పుడు పారలల్ ఆప్షన్‌లో 2 అని ఇవ్వండి, ఒకేసారి రెండే నడుస్తాయి.

నా సలహా ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేముందు మీ బిల్డ్‌లను ఒక కాగితం మీద రాసుకోండి. ఏది దేని అవుట్‌పుట్ కోసం ఎదురుచూస్తుందో బాణం గీయండి. బాణం లేనివాటినే పారలల్‌గా వదలండి.