గ్రామఫోను రికార్డు: వెలయు, విలువయు

నోట వెడలిన మాట నిలుచునది కాదు. దాని అర్థము తాటాకునందో కాగితమునందో మిగులవచ్చును గాని, పలికిన గొంతు, ఊపిరి, రాగపు వంపు పలికిన వానితోనే పోవును. ఈ నష్టమునకు మానవుడు కనుగొనిన తొలి ఉపాయములలో గ్రామఫోను రికార్డు ముఖ్యమైనది. క్యాసెట్టును, తరువాత సీడీయును వచ్చిన వెనుక ఈ ప్లేట్లు అటకలపైకి జేరినవి. ఇటీవల వానికి మరల గిరాకి గలిగినది. పాతప్లేట్లు గలవారు "దీని కెంత వచ్చును?" అని యడుగుచున్నారు. వెల యెట్లు ఏర్పడునో, ఆ వెలకు లోబడని విలువ యేదో వేరుపరచి చూపుటయే ఈ వ్యాసోద్దేశము. తెలుగు మాటాడు కుటుంబములు గల సిరొంచ, నాగేపల్లి మున్నగు గడ్చిరోలి సరిహద్దు గ్రామములకు ఈ విచారము విశేషముగా వర్తించును.

రెండు జాతుల ప్లేట్లు

పాత రికార్డు లన్నియు నొక్క జాతివి కావు. 1887లో ఎమిల్ బెర్లినర్ పేటెంటు పొందిన గ్రామఫోను నుండి వృద్ధిజెందిన తొలి జాతి ప్లేట్లకు ముఖ్యమైన బంధకద్రవ్యము లక్క. అవి నిమిషమునకు 78 మారులు తిరుగును. బరువైనవి, పెళుసైనవి, చేజారిన పింగాణివలె పగులును. లక్కపురుగు మోదుగు, రేగు, పుసుకు చెట్ల కొమ్మలపై బ్రతుకును. గడ్చిరోలి అడవులవారికి ఈ చెట్లు క్రొత్తవి కావు. ప్రపంచమందలి కంపెనీలు వాడిన లక్కలో అత్యధికభాగము భారతదేశపు అడవులనుండియే పోయెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున లక్క కరవై, 1942లో అమెరికా దాని వాడుకను నియంత్రించినది. క్రొత్తవి చేయుటకై పాతప్లేట్లను ప్రోగుచేసి నలుగగొట్టిరి. ఎన్ని గొంతులు అట్లు మాసిపోయెనో లెక్కకట్టుట కష్టము.

రెండవ జాతి వినైలు అను ప్లాస్టిక్కుతో చేసినది. 1948లో కొలంబియా కంపెనీ నిమిషమునకు 33⅓ మారులు తిరుగు 12 అంగుళముల "లాంగ్ ప్లే" ప్లేటును వెలువరించెను. మరుసటి యేట ఆర్.సి.ఏ. కంపెనీ 45 మారులు తిరుగు 7 అంగుళముల ప్లేటును దెచ్చెను. పది అంగుళముల లక్కప్లేటు ఒక వైపున ఇంచుమించు మూడు నిమిషముల గానమే పట్టగా, లాంగ్ ప్లేలో ఇరువది నిమిషములకు మించి పట్టును.

తెలుగు గొంతు ప్లేటున కెక్కిన తీరు

భారతదేశమున గ్రామఫోను కంపెనీ పక్షమున తొలి ధ్వనిముద్రణములు 1902లో కలకత్తాలో జరిగినవి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు గౌహర్ జాన్ మున్నగువారి గానము నెక్కించెను. ప్లేట్లు అచ్చగునది జర్మనీలోని హానోవరులో. 1908లో కలకత్తా సియాల్దాలోను, 1928లో డమ్‌డమ్‌లోను కర్మాగారములు వెలసిన తరువాత ప్లేటు ఈ దేశపు వస్తువైనది. దక్షిణమున "కుక్కబొమ్మ" గల హిజ్ మాస్టర్స్ వాయిస్‌తోపాటు మద్రాసు సరస్వతీ స్టోర్సువారి ఓడియన్, హచ్చిన్స్ మున్నగు ముద్రలు ప్రసిద్ధములయ్యెను.

తెలుగువారి వరకు ఈ ప్లేటునకు తొలి ప్రాణము పద్యనాటకము. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి రంగస్థల ప్రముఖుల గానము ప్లేట్లపై దూరగ్రామములకు బోయినది. ధ్వనివర్ధకము లేకయే కడపటి వరుసవానికి వినబడునట్లు పాడుట నేర్చిన గొంతులవి. మూడు నిమిషములలో ముగింపవలసి వచ్చుటచే, రంగముపై సాగదీసిన ఆలాపన ప్లేటుపై బిగువుగా కుదించుకొన్నది. కొన్ని నాటకములు అనేక ప్లేట్ల "సెట్టు"గా వచ్చెను. పిదప కరుణశ్రీ పద్యములు ఘంటసాల గొంతున పల్లెలకు జేరెను. ఘంటసాల భగవద్గీత 1974లో, ఆయన మరణానంతరము వెలువడినది. తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రోత్సాహమున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు లాంగ్ ప్లేలుగా వచ్చినది.

వెల నిర్ణయించునవి

పాతదనమే వెల యని తలచుట పొరపాటు. వెలను నాలుగు విషయములు నిర్ణయించును. ఒకటి అరుదు: ఎన్ని ప్రతులు అచ్చయినవి, ఎన్ని మిగిలినవి? రెండు స్థితి: గాడులు అరిగెనా, గీతలు పడెనా, అట్టయు చీటీయు చెక్కు చెదరకున్నవా? మూడు సంపూర్ణత: సెట్టులో నొక ప్లేటు లోపించిన వెల మిక్కిలి తగ్గును. నాలుగు గిరాకి: కోరువా డున్నాడా?

బీటిల్స్ బృందము 1968లో వెలువరించిన శ్వేతవర్ణపు అట్ట గల ఆల్బము లక్షలకొలది అచ్చయినది. అందు 0000001 సంఖ్య గల ప్రతి 2015లో వేలమున 7,90,000 డాలర్లకు పోయెను. గానమంతయు నొక్కటే, వెల పెంచినది అంకె. అమెరికాలో 2022లో సీడీలు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోగా, వినైలు ప్లేట్లు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడైనవి. ఆ గాలి మనదేశమునకును సోకినది. ఆర్.డి. బర్మన్, ఇళయరాజా వంటివారి చిత్రసంగీతపు లాంగ్ ప్లేలను నగరములలోని యువకులు వెదకి కొనుచున్నారు. సామాన్యమైన పాతప్లేటు కొన్ని వందల రూపాయలకు దొరకును. అరుదైనదై, మంచి స్థితిలో నున్నది వేలకు బోవును.

ఈ కొలతకు తెలుగు ప్లేట్లను పెట్టిచూచిన నొక వింత గోచరించును. ఘంటసాల గీత యెందరి కెంత పూజ్యమైనను, విస్తారముగా అచ్చయినందున దాని వెల సామాన్యము. పద్యనాటకపు లక్కప్లేటు నిజముగా అరుదు. కాని దానిని వినిపించు యంత్రము గలవారును, కోరువారును తక్కువ. కావున దానికిని పెద్దవెల రాదు. గీతాగానము నేడు అనేకరూపముల సులభముగా దొరకును. నాటకపు ప్లేటు పగిలిన, అందలి గొంతు మరెచ్చటను లేకపోవచ్చును. వెలయు విలువయు వేరగుట ఇచ్చటనే.

మిగిలినవి, మిగులనివి

1930ల నాటి తెలుగు చలనచిత్రములలో పెక్కింటి ప్రతులు నేడు లేవు. వానిలో కొన్నింటి పాటలు మాత్రము లక్కప్లేట్లపై మిగిలినవి. మద్రాసున పాతప్లేట్లకు నెలవైన మూర్ మార్కెట్టు 1985లో అగ్ని కాహుతియైనది. ఇట్టి నష్టముల నడుమ వి.ఎ.కె. రంగారావు 78 మారుల ప్లేట్లనే నలువది వేలకు పైగా సేకరించి, వానిలోని తెలుగు, తమిళ, హిందీ గానచరిత్రను లోకమునకు వెల్లడించిరి. ఒక్క వ్యక్తి శ్రద్ధ యెంతటి భాండారమును నిలుపగలదో ఇందువలన తెలియును.

సరిహద్దు గ్రామమున దీని ప్రయోజనము

సిరొంచ కెదుట గోదావరి ఆవలి ఒడ్డున కాళేశ్వరమున్నది. ఈవలి సీమ మధ్యపరగణాలలో నుండి, 1950లో మధ్యప్రదేశమునను, 1956లో బొంబాయి రాష్ట్రమునను, 1960లో మహారాష్ట్రమునను జేరెను. 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడినది. పాలన ఎన్నిమారులు మారినను ఇంటిలోని తెలుగు నిలిచినది. అయినను బజారున, కచ్చేరిలో, బడిలో మరాఠీయే ప్రధానమగుటచే ఇచ్చటి బాలునకు తెలుగు పద్యము కంటికి కనబడునంతగా చెవికి వినబడదు. యతి కడ గొంతు ఎట్లు ఆగవలెనో, ద్విత్వము ఎట్లు నొక్కవలెనో, దీర్ఘము ఎంత సాగవలెనో పుస్తకము పూర్తిగా చెప్పజాలదు. రంగస్థల నటుని ప్లేటు మూడు నిమిషములలో దానిని నేర్పును. అట్టి ప్లేటును తూకమునకు వేయుట పాఠమునే తూకమునకు వేయుట.

కావున ప్లేట్లు గల కుటుంబములు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. వానిని ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచవలెను. ఈ ప్రాంతపు వేసవి యెండకు వినైలు వంగును గాన కప్పు క్రింది అటక తగదు. లక్కప్లేటును స్పిరిటుతో తుడువరాదు. లక్క అందు కరగును. లాంగ్ ప్లేను కీ యిచ్చి త్రిప్పు పాతపెట్టెపై ఉక్కుసూదితో వేసిన గాడులు చెడును. 78 మారుల ప్లేటునకు వెడల్పైన సూది వేరుగా గలదు. చీటీపై గల పేర్లను, సంఖ్యను, మధ్యభాగమున చెక్కిన అంకెలను వ్రాసికొనవలెను. అమ్మదలచినను ముందుగా తెలిసినవారిచే గానమును కంప్యూటరులోని కెక్కించుకొనుట మేలు. మనదేశపు చట్టము ననుసరించి ధ్వనిముద్రణముపై హక్కు, ప్రచురణకు మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు నిలుచును. రచయిత హక్కు వేరు. ప్రతులు పంచదలచినవారు ఈ రెండింటిని విచారింపవలెను.

ప్లేటు కొనువాడు అరుదునకు వెల యిచ్చును. దానిలోని భాషకు విలువ యిచ్చుట ఆ భాష మాటాడువారి పని. మహారాష్ట్రపు సరిహద్దున నున్న తెలుగు బడులు, సంఘములు ఊరూర మిగిలిన ప్లేట్ల పట్టికను సిద్ధపరచి, గానమును పిల్లల చెవికి జేర్చగలిగినచో, అటకపై మౌనముగా నున్న గొంతులు మరల పాఠము చెప్పగలవు.