వెనక తలుపు నా వంతు

శనివారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా ఇంటికి ఎవరైనా ఫోను చేస్తే మా ఆవిడ ఎత్తి, "ఆయన పోలీసు డ్యూటీలో ఉన్నారండీ" అంటుంది. యాభై ఏడేళ్ళ వయసులో, ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో జమాఖర్చులు చూసుకున్న బీకాం వాడికి ఇదేం పోయేకాలమని మా వీధిలో అనుకుంటూనే ఉంటారు. అనుకోనీండి.

సంగతేమిటంటే, మేం బరంపురంలో ఉండిపోయాం గాని పిల్లలు తలో ఊరూ పట్టారు. మా అబ్బాయి బెంగుళూరులో, తమ్ముడి కూతురు పూణేలో, చెల్లెలి కొడుకు విశాఖపట్నంలో. ఆ మేనల్లుడి భార్యది చెన్నై. నాలుగు తరాలుగా అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళ అమ్మాయి. ఈ నలుగురూ వారానికోసారి ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళు కూర్చుని ఒకే ఆట ఆడుకుంటారు. అయిదోవాడుగా ఉన్న స్నేహితుడెవరో మానేశాడు. "నాన్నా, ఒక మనిషి తక్కువయ్యాడు. నీకు మౌసు పట్టడం వచ్చుగా?" అన్నాడు మావాడు. అలా చేరాను.

ఆట పేరు 'రెడీ ఆర్ నాట్'. 2023 డిసెంబరులో పూర్తి రూపంలో విడుదలయింది. దీనికి పెద్దన్నలాంటిది 2005లో వచ్చిన 'స్వాట్ 4'. ఇంకా వెనక్కి వెళితే 1995 నాటి 'పోలీస్ క్వెస్ట్: స్వాట్'. దానిమీద లాస్ ఏంజిలిస్ నగరానికి పోలీసు అధిపతిగా చేసిన డారిల్ గేట్స్ పేరు ఉండేది. ఆయుధాలతో కొందరు ఒక భవనంలో ఉంటారు, వాళ్ళ మధ్య అమాయకులూ ఉంటారు. అయిదుగురు పోలీసులు లోపలికి వెళ్ళి అందరినీ ప్రాణాలతో బయటకు తేవాలి. ఎంతమందిని చంపామన్నది ఇక్కడ గొప్ప కాదు. చేతులెత్తమని అరవాలి, లొంగదీసుకోవాలి, సంకెళ్ళు వెయ్యాలి. అమాయకుడికైనా సరే ముందు సంకెళ్ళు వేసి తీరాలి, ఎవరు ఎవరో తేలేది తరవాత. కింద పడిన తుపాకీని తీసి భద్రపరచాలి, ఒక్కొక్క మనిషి సంగతీ రేడియోలో పై ఆఫీసుకి చెప్పాలి. ఆయుధం ఎత్తనివాణ్ణి కాలిస్తే మార్కులు పోతాయి. చివర మన పనికి ఒక అక్షరం ఇస్తారు. ఎస్ అంటే ప్రథమ శ్రేణి, ఎఫ్ అంటే చెప్పక్కర్లేదు. రక్తం, ఘోరమైన నేరాలు కనిపించే ఆట కనుక చిన్నపిల్లలున్న ఇంట్లో వాళ్ళు పడుకున్నాకే పెట్టుకోవాలని ముందే మనవి చేస్తున్నాను.

మొదటి రాత్రి, పెద్దవాణ్ణని నన్నే నాయకుణ్ణి చేశారు. మన ఇళ్ళల్లో పెళ్ళిపనులు పంచినట్టే వయసు చూసి పదవి ఇచ్చారు. అదొక పెట్రోలు బంకు, పక్కన చిన్న దుకాణం. నాయకుడు ముందు నడవాలి గదా అని నేనే ముందు దూరాను, తలుపు దాటగానే పడిపోయాను. ఆజ్ఞలిచ్చే నోరు పోయాక మిగతా నలుగురూ తలో వైపూ పరుగెత్తారు. రెండోసారి జాగ్రత్తగా వెళ్ళాను. బల్ల వెనకనుంచి ఒక మనిషి గబుక్కున లేచాడు. కాల్చేశాను. అతని చేతులు పైకెత్తి ఉన్నాయని తరవాత చూశాను. దుకాణంలో పనిచేసేవాడు.

హెడ్‌ఫోనులో ఎవరూ మాట్లాడలేదు. "పరవాలేదు నాన్నా, ఆటేగా" అన్నాడు మావాడు. నాకు పరవాలేదనిపించలేదు.

అప్పుడు తమ్ముడి కూతురు, "పెదనాన్నా, ఒక మాటంటే ఏమీ అనుకోరు కదా" అంది. ఆ పిల్ల ఆపరేషన్ థియేటరులో నర్సు. ఎవరి చేతిలో ఏది ఉండాలో, ఎవరి చూపు ఎటు ఉండాలో పంచుకోవడం వాళ్ళకు రోజూ ఉన్న పని. అయిదు నిమిషాల్లో మా కొలువంతా మార్చేసింది.

ముందుగా డాలు. అది మోసేవాడి చేతిలో చిన్న పిస్తోలు మాత్రమే పడుతుంది, పెద్ద తుపాకీ పట్టదు. దాన్ని మా మేనల్లుడికిచ్చింది. వాడు చిన్నప్పటి నుంచీ ముందు దూకి తరవాత ఆలోచించే రకం. దూకడానికి వాడే తగినవాడు, కాల్చడానికి కాడు. ఆ సామాను ఇస్తే రెండూ సర్దుకుపోతాయి. నాకైతే ఆ ఏర్పాటు ముప్ఫై ఏళ్ళ నా పర్సనల్ ఫైళ్ళన్నిటికంటే తెలివిగా తోచింది. వాడి వెనక మా కోడలు పిల్ల. ఆమె దగ్గర ప్రాణం తియ్యని గుళ్ళ తుపాకీ, దానితోపాటు గొంతు. అరిచే పని ఆమెదొక్కతెదే. అందరూ ఒక్కసారే అరిస్తే మా మాటలు మాకే వినబడవు. ఆమె పక్కన మావాడు అసలు తుపాకీతో. ఎదుటివాడు లొంగక ఆయుధం ఎత్తితేనే అతని వంతు. అందరూ మెత్తటి గుళ్ళే పట్టుకుంటే మేం పోతాం, అందరూ గట్టివే పట్టుకుంటే వాళ్ళు పోతారు. నాయకత్వం తనే తీసుకుంది, నాలుగో స్థానంలో నిలబడి. తలుపు కిందనుంచి తొంగిచూసే అద్దం, తాళం తీసే పనిముట్టు ఆమె దగ్గరే. చూసినవాళ్ళే నిర్ణయించాలి గదా.

"మరి నేను?"

"మీరు వెనక పెదనాన్నా. మేం గదిలోకి వెళితే మీరు రాకూడదు. లోపల ఏం జరిగినా సరే, వెనక్కే చూస్తూ ఉండాలి. తలుపులకి చీలలు పెట్టాలి, సంకెళ్ళు, లెక్క మీవి."

కాస్త చిన్నబుచ్చుకున్నమాట నిజం. మూలన కూర్చోబెట్టారనుకున్నాను.

పదవులు పంచాక భాష గొడవ వచ్చింది. తొందరలో ఎవరి ఊరి మాట వాళ్ళ నోట వస్తుంది. పూణే పిల్ల "డావీకడే" అంది. మరాఠీలో అది ఎడమ. బరంపురంలో పుట్టి పెరిగిన నా చెవికి అది ఒరియా 'డాహాణ'లా వినబడింది. డాహాణ అంటే కుడి. నేను కుడికి తిరిగాను. చెన్నై అమ్మాయి "వలదు, వలదు" అని అరిచింది. అరవంలో కుడి. విశాఖపట్నం వాడు వద్దంటోందేమోనని డాలుతో సహా అక్కడే ఆగిపోయాడు. ఆ రాత్రి పదవులన్నీ సరిగ్గా ఉండి కూడా ఓడిపోయాం. మా నాయనమ్మ ఎడ్లను దాపల, వలపల అనేది, ఎడమ, కుడి అని. అవి పెడదామని నేనన్నాను. ఓటు పడలేదు. చివరికి 'ఎడమ', 'కుడి' తప్ప ఇంకేమీ వాడరాదని తీర్మానించాం. పూణే పిల్ల కాగితంమీద రాసి తెరకి అంటించుకుంది, తెలుగు అక్షరాల్లోనే.

వెనక నిలబడడం తేలికనుకునేవారు ఒకసారి నిలబడి చూడాలి. లోపల కేకలు, పొగ, మనవాళ్ళు మనల్నే పిలుస్తున్నట్టుంటుంది. ఒక్క అడుగు లోపలికి వేస్తే మేలేమో అనిపిస్తుంది. అలా వేసిన రోజున వెనక నడవాలోనుంచి ఒకడు వచ్చి అయిదుగురినీ పడగొట్టాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ళ కిందటి ఒక శాఖ గుర్తొచ్చింది. స్ట్రాంగ్‌రూముకి రెండు తాళాలుంటాయి. ఒక చెవి కేషియరు దగ్గర, ఒకటి ఆఫీసరు దగ్గర. ఒక్కరే తెరవలేరు. ఒక సాయంత్రం ఊరికి ఆఖరి బస్సు పోతుందని నా తాళంచెవి కేషియరు చేతిలో పెట్టి, "మూసెయ్యండి, పొద్దున్న తీసుకుంటాను" అని వెళ్ళిపోయాను. అంతకుముందూ అలా ఇచ్చిన రోజులున్నాయి. మర్నాడు ఇరవై వేలు తక్కువ వచ్చింది. లెక్క తప్పిందో, ఇంకేం జరిగిందో ఎప్పటికీ తేలలేదు. అతను తియ్యలేదని చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండాలి. ఆ ఒక్కడూ అప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. అతని ఇంక్రిమెంట్లు కోశారు. నాకు మందలింపు కాగితం ఇచ్చారు. ఆ తరవాత రెండేళ్ళు ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. అతను నన్ను ఒక్కమాట అనలేదు.

ఇది మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తరవాతి శనివారం ఆట మొదలుపెట్టే ముందు పిల్లలకు చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు, అదే మంచిదయింది. మేనల్లుడు మాత్రం, "మావయ్యా, ఇవాళ చీలలు ఎక్కువ పెట్టుకో" అన్నాడు.

ఆ తరవాత నా ఉద్యోగంలో కుదురుకున్నాను. ముఖ్యంగా లెక్క. భవనమంతా ప్రశాంతమయ్యాక కూడా ఆట ముగియదు, ఎక్కడో ఒక తుపాకీ తియ్యకుండా, ఒక మనిషి సంగతి రేడియోలో చెప్పకుండా మిగిలిపోతుంది. పిల్లలు ఇరవై నిమిషాలు గదిగదీ వెతికి విసుక్కునేవారు. పది రూపాయల తేడాకు రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చున్న పాతకాలపు బ్యాంకువాడికి అదొక బాధా? ఇప్పుడు పక్కన నోటుపుస్తకం పెట్టుకుంటాను. గది, మనిషి, సంకెల, ఆయుధం, రేడియో. అయిదు గడులు. గుర్తు పడనిదే పక్క గదికి కదలనివ్వను.

మొన్న శనివారం ఒక పెద్ద ఇల్లు. నలుగురూ పడకగదిలోకి దూసుకుపోయారు. లోపల కోడలు పిల్ల అరుస్తోంది, ఎవరో ఏడుస్తున్నారు, మావాడి గొంతు వినబడడం లేదు. నేను నడవాలో ఉన్నాను, వెనక తలుపు కేసి చూస్తూ. దానికి చీల పెట్టి అప్పటికి రెండు నిమిషాలయింది. తలుపు అవతల అడుగుల చప్పుడు వచ్చింది, సరిగ్గా గడప దగ్గర ఆగింది.

"పెదనాన్నా, వెనక?" అంది పూణే పిల్ల.

"ఉన్నానమ్మా. మీ పని చూసుకోండి."