పాప సంకీర్తనం

బార్కస్ అంటే ఒకప్పుడు నిజాంగారి అరబ్బు సైనికుల బ్యారక్సులున్న పేట. అక్కడ మా పక్కింటి కతోలిక కుటుంబంలో తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. తొలి దివ్యసత్ప్రసాదం కోసమని ఆదివారాలు గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథెడ్రల్‌కు పాఠానికి వెళ్లేది. 1870లో కట్టడం మొదలైన గుడి అది.

ఒకనాడు పుస్తకం పట్టుకొచ్చి, "మామయ్యగారూ, పాప సంకీర్తనమంటే పాపాలు పాడాలా?" అంది.

నవ్వొచ్చింది. "కీర్తించడమంటే పాడటమే కాదమ్మా, చెప్పడం కూడాను" అన్నాను, తెలుగు మాష్టర్ని కదా!

తక్కిన పాఠం తనే నాకు ఒప్పజెప్పింది. చేసిన పాపాలు తలుచుకోవాలి, పశ్చాత్తాపపడాలి, ఇక చెయ్యనని నిశ్చయించుకోవాలి, గురువుగారితో చెప్పుకోవాలి, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం తీర్చాలి. ఆ తరువాతే సత్ప్రసాదం. మంచిచెడ్డలు తెలిసే ఏడేళ్ల ప్రాయం ఇందుకు చాలునని పోపు పదవ పయస్ 1910లో నిర్ణయించారట.

"తీసినవి తిరిగిచ్చెయ్యాలి కూడా" అని తల వంచుకుంది. అమ్మ పోపులడబ్బాలోంచి మాయమైన పదిరూపాయలు ఆ సాయంత్రమే డబ్బాలోకి చేరాయి.

పండుగనాడు తెల్లగౌనుతో వచ్చి మిఠాయి ఇచ్చింది. "మరి మీరెవరితో చెప్పుకుంటారు, మామయ్యగారూ?" అంది.

పొలంగట్టు తగాదాలో మా అన్నయ్యతో పదేళ్లుగా మాటల్లేవు. తప్పు నాదే. ఆ రాత్రి కాగితం తీసి, "అన్నయ్యా" అని రాసి చాలాసేపు కూర్చున్నాను.