గుట్ట మీద దేవుడు, రేగడి మీద రాజు

జక్రాన్‌పల్లి దగ్గర 44వ జాతీయ రహదారి దిగి చూస్తే చేలంచునే గుట్టలు కనిపిస్తాయి. పసుపు, ఎర్రజొన్న చేల నడుమ గుండ్లు గుండ్లుగా లేచిన ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇక్కడి నుంచి పడమటికి, బోధన్ దాటి మద్నూరు, జుక్కల్ దిక్కు పోతే నేల రంగే మారిపోతుంది. ఆరున్నర కోట్ల ఏళ్ల కింద పారిన లావా అక్కడ నల్లరాయిగా గట్టిపడింది. అది అరిగీ అరిగీ రేగడి అయింది. ఇందూరు (నిజామాబాద్) చరిత్రంతా ఈ రెండు రాళ్ల మధ్యే నడిచిందని నా నమ్మకం.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఇటలీలో ఎట్రుస్కన్లు శత్రువుకు అందకుండా కొండల మీద ఊళ్లు కట్టుకున్నారు. ఆ కాలంలోనే మన దగ్గర అశ్మక జనపదం ఉండేది. బౌద్ధ గ్రంథాలు పేర్కొన్న 16 మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఇదొక్కటే. దాని రాజధాని బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. ఆ రాజులు గుట్ట ఎక్కలేదు. మంజీర వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ఈ పరీవాహకంలో, పంట పండే చోటే కోట కట్టుకున్నారు.

జైనులకు బోధన్ అంటే బాహుబలి ఏలిన పౌదనపురం. ఇక్కడ అన్న భరతుడు నిలిపిన బాహుబలి మహావిగ్రహం ఉందని విని గంగరాజుల మంత్రి చాముండరాయుడు చూడాలనుకున్నాడట. దారి దుర్గమమని తెలిసి, శ్రవణబెళగొళలోనే కొండను తొలిపించి ఆ బాహుబలినే గోమటేశ్వరుడిగా నిలబెట్టాడట. ఆ కథ అక్కడి 12వ శతాబ్దపు శాసనంలోనే ఉంది. లోకం మొత్తం వెళ్లి చూసే విగ్రహం వెనుక మన బోధన్ పేరుందని ఈ జిల్లా బడిపిల్లలకు ఎందుకు చెప్పం? వేములవాడ చాళుక్యుల మూలపురుషుల్లో ఒకడైన యుద్ధమల్లుడు బోధన్‌లో తన ఏనుగులకు నూనె తొట్టిలో స్నానం చేయించేవాడని కూడా ఆ వంశపు కవులు, శాసనాలు చెప్పుకున్నాయి. ఊళ్లోని దేవల్ మసీదు స్తంభాల మీద తీర్థంకరుల బొమ్మలు నేటికీ కనిపిస్తాయి.

మరి గుట్టలు ఎవరివి? ఆర్మూరులో నల్లగా నిగనిగలాడే బండల నడుమ గుహలో శివుడు, నవనాథ సిద్ధులు. భీమ్‌గల్ దగ్గర లింబాద్రి మీద నరసింహస్వామి. డిచ్‌పల్లి గుట్ట మీద కాకతీయుల కాలం నాటి రామాలయం. ఆ గోడల మీది శిల్పం కోసమైనా ప్రతి తెలుగువాడూ ఒకసారి ఆ మెట్లెక్కాలి.

దేవుడొక్కడే కాదు, నీళ్లూ గుట్టవే. బండ మీద పడ్డ వాన ఇంకదు, జారి వస్తుంది. ఆ జాలును ఆపడానికే పాతకాలపు పెద్దలు గుట్టల కింద చెరువులు కట్టారు. రేగడికి నీళ్లు చాలా ఆలస్యంగా దక్కాయి: 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక చెరకు పెరిగింది, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది.

గుడి ఉన్న గుట్ట జోలికి ఎవరూ పోరు. గుడి లేనిదాన్ని కంకరకు లీజుకిస్తే దాని కింద చెరువుకొచ్చే వరదా ఆగుతుంది. అలాంటి లీజుకు సంతకం పెట్టే ముందు ఆ చెరువు కింద ఎన్నెకరాలు పారుతున్నాయో గ్రామసభలో రైతుల ముందు చదివి వినిపించాలి.