అంకె ఒకటే... కష్టం ఒకటేనా?

ఎవరో కూరలు తరిగి చేతికందిస్తే వండటం వేరు, తరగడం నుంచి అన్నీ మనమే చూసుకోవడం వేరు. తినేవాళ్ళకి మాత్రం కూర ఒకటే! రాక్ క్లైంబింగ్‌లోనూ ఇంతేనండీ.

'స్పోర్ట్' పద్ధతిలో రాతికి బోల్టులు ముందే బిగించి ఉంటాయి. తాడు తగిలించుకుంటూ ఎక్కడమే. 'ట్రాడ్'లో ఆ ఆధారాలు కూడా తానే అమర్చుకోవాలి, ఒక చేత్తో బండని పట్టుకుని, రెండో చేత్తో పగుళ్ళు వెతుక్కుంటూ!

అమెరికాలో రెండింటికీ 5.10, 5.12 అంటూ ఒకటే కొలత. అది ఎక్కడంలోని కష్టాన్నే చెబుతుంది. పడితే ఎంత ప్రమాదమో చెప్పడానికి పక్కన 'ఆర్', 'ఎక్స్' అక్షరాలు చేరుస్తారు. బ్రిటన్‌లో ట్రాడ్‌కి వేరే కొలత ఉంది. అక్కడి 'ఇ' గ్రేడు శ్రమనీ, అపాయాన్నీ కలిపి తూస్తుంది.

లిన్ హిల్ 1990లో స్పోర్ట్‌లో 5.14ఎ ఎక్కిన తొలి మహిళ అయ్యారు. 2008లో బెత్ రాడెన్ యోసమిటీలో 'మెల్ట్‌డౌన్' అనే 5.14సి దారిని ట్రాడ్‌లో ఎక్కారు. స్పోర్ట్‌లో అంతకన్నా పెద్ద అంకెలు అప్పటికే ఉన్నాయి. అయినా ఈ దారిని మరొకరు ఎక్కడానికి పదేళ్ళు పట్టింది!

అందుకే, అంకె చూసి "ఇంతేనా" అనేముందు, బోల్టులు ఎవరు బిగించారో కూడా అడగాలి.