ఆటగాడిని చూసి మన పిల్లోడు ఏం నేర్చుకుంటున్నాడు?

ఈ ఎపిసోడ్ గుత్తిలో మా ఇంటి మిద్దె మీద రికార్డ్ చేస్తున్నా. మధ్యలో రైలు కూత వినపడితే ఏమనుకోకండి, జంక్షన్ ఊరు కదా.

2025 ఐపీఎల్ జరుగుతున్నప్పుడు మా చిన్నాయన ఫోన్ చేశాడు. "రేయ్, నువ్వు కంప్యూటర్ చదివినోడివి కదా, నా ఫోన్లో డబ్బులు ఎట్ల పోయినాయో వచ్చి చూడు" అన్నాడు. ఎవడో ఓటీపీ అడిగి లాగేసుంటాడని అనుకుంటా పోయినా. చూస్తే అదేం లేదు. చిన్నాయన కొడుకు, పదో తరగతి, ఆ ఫోన్లో ఒక క్రికెట్ గేమింగ్ యాప్ వేసి, టీమ్‌లు కట్టి, 4,200 రూపాయలు పోగొట్టాడు. విత్తనం శెనక్కాయలకని పక్కన పెట్టిన డబ్బు అది. ఎందుకు ఆడినావురా అంటే వాడు ఒక పెద్ద క్రికెటర్ పేరు చెప్పి, "ఆయనే ఆడమన్నాడు కదన్నా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అదే క్రికెటర్‌ని చూపించి, "చూడు, ఎంత కష్టపడి పైకొచ్చాడో" అని వాడికి చెప్పింది నేనే.

ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేసింది. ఆ యాప్‌ల గొడవ అట్ల తీరింది. కానీ నా ప్రశ్న తీరలేదు. ఆటగాడిని బడి పిల్లలకి ఆదర్శంగా చూపించొచ్చా?

దీనికి మన జిల్లాలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. హైవే మీద గంట పోతే అనంతపురం. అక్కడ ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో 2010 అక్టోబరులో రఫేల్ నాదల్ వచ్చి ఒక టెన్నిస్ స్కూల్ ప్రారంభించాడు. ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ మూడూ గెలిచినోడు, వరల్డ్ నంబర్ వన్, మన అనంతపురానికి! ఆ స్కూల్లో పేద పిల్లలకి టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పుతారు. రాకెట్ ఎప్పుడూ చూడని ఇళ్ల పిల్లలు వాళ్లు. ఇంతకంటే మంచి ఆదర్శం ఏముంటుంది?

అదే నాదల్ 2012లో ఒక ఆన్‌లైన్ పోకర్ సైట్‌కి బ్రాండ్ అంబాసిడర్ అయ్యాడు. పోకర్ అంటే పేకాటే కదప్పా. మనిషి ఒకడే, పనులు రెండు. అనంతపురంలో టెన్నిస్ నేర్చుకున్న పిల్లోడికి ఆయన ఒకలా తెలుసు, టీవీలో యాడ్ చూసిన పిల్లోడికి ఇంకోలా తెలుసు.

ఇంకోటి చెప్తా. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురంలోనే జరిగాయి. శ్రేయస్ అయ్యర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బ్యాటింగ్‌కి వచ్చి సున్నాకి అవుటయ్యాడు. ఆ వీడియో చూడనోళ్లు లేరు. తర్వాత ఆదివారం గుత్తి కోట కింద టెన్నిస్ బాల్ మ్యాచ్‌లో ముగ్గురు పిల్లలు అద్దాలతో దిగారు. అయ్యర్ నెట్స్‌లో ఎన్ని గంటలు ఆడతాడో వాళ్లకి ఎవరూ చూపించలేదు. కంటికి కనిపించినవి అద్దాలే.

ఇక మన పుల్లెల గోపీచంద్. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అంతకుముందు మనోళ్లలో గెలిచింది ప్రకాశ్ పదుకొణె ఒక్కరే, 1980లో. గెలిచాక కూల్ డ్రింక్ కంపెనీ యాడ్ ఆఫర్ వస్తే వద్దన్నారు. తాను తాగనిది పిల్లల్ని తాగమని ఎట్ల చెప్తానన్నది ఆయన లెక్క. అప్పటికి ఆయన దగ్గర పెద్ద ఆస్తులేం లేవు. తర్వాత అకాడమీ కట్టడానికి ఇల్లే తాకట్టు పెట్టారు. అంటే ఆ వదులుకున్న డబ్బు ఆయనకి నిజంగా అవసరమైన డబ్బు. నాకు ఆల్ ఇంగ్లండ్ కంటే ఇదే పెద్దగా కనిపిస్తుంది. ఇంట్లో చూస్తే అమ్మానాన్నలకి గుర్తుండేది వేరే కథ: రియో ఒలింపిక్స్ ముందు మూడు నెలలు సింధు ఫోన్ గోపీచంద్ తీసేసుకున్నారనేది. ఫోన్ లాక్కోడానికి బాగా పనికొస్తుంది కాబట్టి!

ఆ గోపీచంద్ గారే 2025 ఫిబ్రవరిలో ఒక మాట అన్నారు. డబ్బున్న ఇల్లో, కుటుంబ వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లోకి దించొద్దని. చాలామందికి కోపమొచ్చింది. నాకైతే ఇంజనీరింగ్‌లో చదివిన శాంప్లింగ్ పాఠం గుర్తొచ్చింది. మనం టీవీలో చూసేది పైకొచ్చినోళ్లని మాత్రమే. జిల్లా స్థాయిలో ఆడి, మోకాలు పోయి, పదో తరగతి తప్పి, ఇప్పుడు ఆటో తోలుతున్నోడిని ఏ చానెలూ చూపించదు. అట్లాంటోళ్లు మన బస్టాండ్‌లోనే ఉన్నారు. వేల మంది పిల్లలకి ఆట నేర్పిన మనిషే ఆ లెక్క బయట పెట్టాడంటే, పిల్లలకి ఆయన చేసిన మేలు అది. సింధు వాళ్ల అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ప్లేయర్లు, రైల్వే ఉద్యోగులు. గుత్తి రైల్వే కాలనీలో ఉండేవాళ్లకి ఆ నెల జీతం అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి నేను పోస్టర్ అంటించొద్దనట్లేదు. పోస్టర్ కింద మూడు మాటలు మాట్లాడమంటున్నా. ఈయన రోజూ ఏం చేస్తాడు, ఏ ఇంటి నుంచి వచ్చాడు, ఈ యాడ్‌కి ఆయనకి డబ్బులిచ్చేది ఎవరు.

ఈ మూడోది మా తమ్ముడికి చెప్పినప్పుడు వాడు కాసేపు ఆలోచించి, "మరి నీ వీడియో మధ్యలో కోచింగ్ యాడ్ వస్తుంది కదన్నా, దానికి నీకెంతిస్తారు?" అన్నాడు. ఈ ఎపిసోడ్‌లో ఆ యాడ్ లేదు. వచ్చే వారం కలుద్దాం.